కృష్ణుడి నలుపు, కృష్ణ నలుపు

భారతంలో నల్లనివాళ్ళు చాలామందే ఉన్నారు. కథ చెప్పిన వ్యాసుడే నల్లనివాడు. అందుకే ఆయన కృష్ణ ద్వైపాయనుడయ్యాడు. ఆయన్ని కన్న సత్యవతికి కాళి అని ఇంకో పేరుంది. అర్జునుడి పది పేర్లలో కృష్ణుడన్నది ఒకటి. ఇక వాసుదేవుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ వరసలోనే మనం తరచు మరిచిపోయే మనిషి మరొకరున్నారు. యజ్ఞగుండంలోంచి పుట్టిన ద్రుపదుడి కూతురికి ఒంటి రంగును బట్టి పెట్టిన పేరు కృష్ణ. ద్రౌపది అన్నది తండ్రిని బట్టి వచ్చింది. పాంచాలి అన్నది దేశాన్ని బట్టి వచ్చింది. ఆమె సొంత పేరుకి మాత్రం అర్థం నల్లపిల్ల అనే. దేశదేశాల రాజులు విల్లు ఎక్కుపెట్టడానికి ఎగబడి వచ్చింది ఆ నల్లపిల్ల కోసమే.

ఇప్పుడు మన సినిమాకు వద్దాం. 1963లో తెలుగులో మొట్టమొదటి పూర్తి నిడివి రంగుల చిత్రం 'లవకుశ' వచ్చింది. రంగు వచ్చేసరికి మేకప్‌మేన్లకి ఒక చిక్కు వచ్చి పడింది. నలుపు తెలుపుల్లో దేవుడి రంగు ఏమిటో ఎవరూ అడగరు, రంగుల్లో అడుగుతారు. నీలమేఘశ్యాముడని పురాణం చెబుతోంది గదా! అంచేత రామారావుగారి ఒంటికి నీలం పూశారు. నలుపుకి నీలం ఒక రాజీ అనుకోండి. ఏమైతేనేం, రంగుల పౌరాణికాల్లో రాముడికీ కృష్ణుడికీ వాళ్ళ రంగు, కాస్త మార్పుతోనైనా, దక్కింది. మరి ద్రౌపదికో? 'నర్తనశాల' (1963)లో సావిత్రి, 'దానవీరశూరకర్ణ' (1977)లో శారద ఆ పాత్రను ఎంత గొప్పగా పోషించారో నేను చెప్పనక్కర్లేదు. కాని నేను చూసిన ఏ చిత్రంలోనూ ద్రౌపది నల్లగా లేదు, నీలంగానైనా లేదు. అన్న వరస వాడికి పురాణం ప్రకారం రంగు, చెల్లెలి వరస ఆమెకి పాన్‌కేక్ ప్రకారం రంగు! మేకప్‌మేన్ చేతిలో ఉన్నది ఒకటే పెట్టె, ఆయన ముందున్నది ఒకటే గ్రంథం. అయినా రెండు ముఖాలకి రెండు న్యాయాలు జరిగాయి. ఎవరూ కూర్చుని ఆలోచించి చేసింది కాదది. ఆలోచన అవసరం లేకుండానే జరిగిపోయింది, అదే నన్ను వేధించే సంగతి.

మన సినిమాల్లో నల్లవాళ్ళు లేరని కొందరు వాదిస్తారు. అది నిజం కాదు. ఉన్నారు, మకుటం లేని మహారాజులుగా ఉన్నారు. ప్రశ్న అది కాదు. ఒకే ఫ్రేములో నిలబడ్డ ఇద్దరిలో నల్లగా ఉండే హక్కు ఎవరికి ఉంది? ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే.

ముందు మన మాటల తీరు చూడండి. అబ్బాయి నలుపైతే "రంగు కాస్త తక్కువ గాని మనిషి కళగా ఉంటాడు" అంటాం. అమ్మాయి నలుపైతే "కళగానే ఉంటుంది గాని రంగు కాస్త తక్కువ" అంటాం. మాటలు అవే, "గాని" ఎటుపక్క పడిందో గమనించండి! ఆడపిల్ల తెలుపుకి మన దగ్గర దబ్బపండు ఛాయ, పసిమి ఛాయ, బంగారు ఛాయ అని నిఘంటువంత సరుకుంది. నలుపుకి ఉన్న మర్యాద మాట 'చామనచాయ' ఒక్కటే. అదీ పెళ్ళిసంబంధాల ఉత్తరాల్లో నలుపుని దాచడానికి వాడి వాడి అరిగిపోయింది. "నలుపు నారాయణుడు మెచ్చు" అని ఓదార్పు సామెత ఒకటుంది. నారాయణుడు మెచ్చితే ఏం లాభం, నారాయణరావుగారి తల్లి మెచ్చాలి గదా! ఈ సామెత మగపిల్లాడికి చెప్పగా నేనెన్నడూ వినలేదు. వాడికి ఓదార్పు అవసరం లేదు.

సినిమావాళ్ళని అడిగితే మొదట చెప్పే జవాబు సాంకేతికమైనది. "నల్లటి ముఖం తెరమీద ఆనదండీ, కెమెరా పట్టదు" అంటారు. ఇందులో గింజంత నిజం లేకపోలేదు. రంగుల ఫిల్మును తయారుచేసిన పాశ్చాత్య కంపెనీలు తెల్ల చర్మాన్ని దృష్టిలో పెట్టుకునే దాన్ని తయారుచేశాయి. కొడాక్ వారు ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి ల్యాబులకి పంపిన నమూనా కార్డుల మీద చాలాకాలం ఉన్నది ఒక తెల్లజాతి యువతి బొమ్మే. ఆ కార్డులకి 'షర్లీ కార్డులు' అని పేరు కూడా పడింది. ఆమె ముఖం బాగా వస్తే ప్రింటు బాగా వచ్చినట్టు. కాబట్టి నల్లటి ముఖాన్ని బాగా తీయాలంటే కెమెరామేన్ ఒక దీపం ఎక్కువ పెట్టుకోవాలి, రిఫ్లెక్టరు కాస్త దగ్గరకు జరుపుకోవాలి. నిజమే.

అయితే ఆ ఒక దీపం హీరోకి పెట్టడానికి ఎవరికీ బద్ధకం కలగలేదేం? 1975లో 'అపూర్వ రాగంగళ్'తో తెరకెక్కిన రజనీకాంత్ ముఖాన్ని అదే ఫిల్ము, అదే కెమెరా, అవే దీపాలు పట్టాయి. పట్టడమేమిటి, పూజించాయి! విజయకాంత్ ముఖాన్నీ పట్టాయి. యుగళగీతంలో హీరో హీరోయిన్లు ఒకే షాటులో నిలబడి ఉంటారు. ఫిల్ము చుట్టకి ఆడా మగా తేడా తెలియదు గదా. ఇప్పుడైతే ఫిల్మే లేదు. డిజిటల్ కెమెరా వచ్చింది, తీసిన తర్వాత డి.ఐ. గదిలో కూర్చుని ఒక్క ముఖాన్ని మాత్రం విడదీసి దాని రంగు కావలసినట్టు మార్చుకునే సౌకర్యం వచ్చింది. సాకు పోయింది, అలవాటు మిగిలింది. పైపెచ్చు ఆ సౌకర్యమే హీరోయిన్‌ని ఇంకో రెండు పాళ్ళు తెల్లబరచడానికి పనికివస్తోంది. మీ ఫోనులో ఏదైనా ఒక పాట ఆపి, ఇద్దరి చేతులు పక్కపక్కన ఉన్నచోట చూడండి. నేను చెప్పేదానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

కెమెరా పట్టదన్న మాట అబద్ధమని తెలుగుదేశంలోనే ఒక అమ్మాయి 1978లో రుజువు చేసింది. ఆమె గుంటూరు జిల్లాకు చెందిన సరిత. బాలచందర్ 'మరోచరిత్ర'లో ఆమెను కమల్‌హాసన్ సరసన నిలబెట్టాడు. చామనచాయ, ఇంతింత కళ్ళు. అందరూ రంగుల వెంట పరిగెడుతున్న రోజుల్లో నలుపు తెలుపుల్లో తీసిన చిత్రం అది. విశాఖ సముద్రం, ఆ అమ్మాయి కళ్ళు, ఇంతే దానికి అలంకారం. మద్రాసులో డబ్బింగు కూడా చేయకుండా, తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. భాష రాని తమిళులు టిక్కెట్టు కొనుక్కుని చూశారు.

1981లో అదే దర్శకుడు అదే కథను 'ఏక్ దూజే కేలియే' పేరుతో హిందీలో తీశాడు. హీరో కమల్‌హాసనే. హీరోయిన్ మాత్రం మారింది, రతీ అగ్నిహోత్రి వచ్చింది. హిందీ కథలో అమ్మాయి ఉత్తరాది పిల్ల, కాబట్టి మార్చక తప్పదని ఎవరైనా అంటే నేను ఒప్పుకుంటాను. సరే. అయితే హిందీ మాట అలా ఉంచి తెలుగు సంగతే చూడండి. 1983లో బాలచందర్ సరితతో తీసిన తెలుగు చిత్రం పేరు 'కోకిలమ్మ'. పేరు అచ్చంగా సరిపోయింది. కోకిల నలుపు, గొంతు తీపి. ఆ తర్వాతి సంవత్సరాల్లో తెలుగు పరిశ్రమ సరిత దగ్గర ఏం తీసుకుంది? గొంతు తీసుకుంది. నగ్మా, సౌందర్య వంటి కథానాయికలకు ఆమె డబ్బింగు చెప్పింది. హీరోయిన్ ఏడిస్తే మనం ఏడ్చాం, ఆ ఏడుపు సరితది. ఒక నటి తెరమీద తగ్గిపోవడానికి వందకారణాలుంటాయి, రంగొక్కటే అని నేను అనను. కాని నల్లని మనిషి గొంతు అంతగా కావలసి, ఆ గొంతుకి వేరే ముఖాలు తగిలించుకున్న పరిశ్రమ మనస్తత్వం గురించి మాత్రం ఆలోచించకుండా ఉండలేను.

ఇంకో తెలుగమ్మాయి ఉంది. ఏలూరు దగ్గర పుట్టిన విజయలక్ష్మి, 1980లో తమిళ 'వండిచక్కరం'లో వేసిన పాత్ర పేరే పేరై సిల్క్ స్మిత అయింది. ఆమె నలుపు కెమెరాకి ఎక్కడా అడ్డం రాలేదు. ఉన్న దీపాలన్నీ ఆమెమీద వేశారు! ఎందుకంటే అది క్లబ్బు పాట. నలుపు ఆడది ఆశపడటానికి పనికివస్తుంది, పీటలమీద కూర్చోబెట్టడానికి పనికిరాదు, ఇదీ మన కథల లెక్క. తాళి కట్టించుకునే తెల్లపిల్ల ఒక రీలులో, విలన్ గుహలో ఆడే నల్లపిల్ల ఇంకో రీలులో. 1996లో ఆమె పోయింది. 2011లో ఆమె జీవితం స్ఫూర్తిగా హిందీలో 'ది డర్టీ పిక్చర్' తీశారు. విద్యాబాలన్ బ్రహ్మాండంగా నటించింది, జాతీయ అవార్డు తెచ్చుకుంది. కాని ఆ కథలో ముఖ్యమైన పాత్ర అనదగ్గ చర్మం తెరకెక్కలేదు.

ఇవన్నీ ఊహాగానాలు అనేవాళ్ళకి ఒక చిత్రాన్ని పాఠ్యగ్రంథంగా సిఫార్సు చేస్తాను. 2007లో శంకర్ దర్శకత్వంలో వచ్చిన 'శివాజీ'. తెలుగులోనూ వచ్చింది, మనవాళ్ళూ ఈలలు వేసి చూశారు. అందులో హీరో రజనీకాంత్ నలుపు. హీరోయిన్ శ్రియ తెలుపు. నలుపన్న మాట వస్తుంది, హీరో తెల్లబడటానికి నానా తంటాలూ పడతాడు. ఒక పాట మొత్తం గ్రాఫిక్సుతో ఆయన్ని దొరలా తెల్లగా మార్చి చూపించారు. ఇది హాస్యం, మనం నవ్వాం, తప్పేమీ లేదు. ఆ నవ్వు ఆయన పక్కనుండి నవ్వే నవ్వు. ఆయన తన నలుపుమీద తానే జోకు వేసుకుంటాడు, చివరికి ఆ నలుపుతోనే గెలుస్తాడు.

అదే చిత్రంలో పొరుగింటి పెద్దమనిషికి ఇద్దరు కూతుళ్ళుంటారు. వాళ్ళ ముఖాలకి నల్లరంగు పులిమారు. తండ్రి వాళ్ళను పరిచయం చేయబోతే హీరో, అతని వెంట ఉన్న హాస్యగాడు బెంబేలెత్తిపోతారు. ఈ నవ్వు వాళ్ళ పక్కనుండి నవ్వేది కాదు, వాళ్ళమీద పడి నవ్వేది. తమిళంలో ఆ పిల్లలకి పెట్టిన పేర్లు అంగవై, సంగవై. సంగకాలపు దాత పారి రాజు కుమార్తెల పేర్లవి. ఆ పేర్లు పెట్టినందుకు తమిళనాట కోపం వచ్చింది, న్యాయమే. కాని నాకు తోచేదేమంటే, ఏ పేరు పెట్టినా ఆ సన్నివేశం అంతే నీచంగా ఉండేది. ఒక్క కథ, ఒక్క దర్శకుడు, ఒక్క టిక్కెట్టు. నల్లని మగవాడు నాయకుడు, నల్లని ఆడపిల్లలు జోకు. ఇంకా చిత్రమేమంటే, రంగు తక్కువని బాధపడుతున్న ఆ హీరోకే వాళ్ళ రంగు చూస్తే భయం.

ఎందుకిలా? మన పల్లెల్లోకి వెళ్ళి చూస్తే కొంత అర్థమవుతుంది. ఎండలో పనిచేస్తే ఎవరైనా నల్లబడతారు. మగవాడి నలుపు కష్టానికి గుర్తు, పౌరుషానికి గుర్తు, రెక్కల సంపాదనకి గుర్తు. ఆడదాని తెలుపు దేనికి గుర్తు? ఆమె ఎండలోకి రానవసరం లేని ఇంటికి గుర్తు. అంటే ఆమె రంగు ఆమెది కాదు. తండ్రి పొలాలది, ప్రహరీగోడది, వెరసి కులానిది. నాట్లు వేసే ఆడమనిషి మగవాడితో సమానంగా ఎండలో నడుం వంచుతుంది, సమానంగా నల్లబడుతుంది, కాని ఆ నలుపుకి ఆమెను ఎవరూ వీరురాలనరు.

ఇప్పుడు మన పాత ఫార్ములా కథలను ఈ వెలుగులో చూడండి. పేదవాడైన హీరో, పొగరుబోతు జమీందారు కూతురు. మొదటి సగం తిట్టుకోవడం, రెండో సగం పాటలు. అతను నల్లగా, ఆమె తెల్లగా ఉంటే అంతస్తుల తేడా మాటల్లో చెప్పనక్కర్లేదు, తెరమీదే కనబడుతుంది. అతను ఆమెను గెలుచుకోవడమంటే ఒక్క పిల్లని గెలుచుకోవడం కాదు. ఆ ఇంటిని, ఆ రంగుని, ఆ మెట్టుని గెలుచుకోవడం. నల్లని హీరోకి అతని నలుపు కథకి మొదలు. తిరగేసి, నల్లని పేదపిల్లనీ తెల్లని జమీందారు కొడుకునీ పెట్టండి. ఆమెని చేసుకుంటే అతను ఏం గెలిచినట్టు? ఈ లెక్కలో ఆమె దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, ఒక్క కట్నం తప్ప. నిజజీవితంలో కూడా జరుగుతున్నది ఇదే. 1961లో కట్న నిషేధ చట్టం వచ్చింది. అయినా పిల్ల రంగు ఒక పాలు తగ్గితే అంకె ఎంత పెరగాలో పెళ్ళిళ్ళ పేరయ్యలకు నోటి లెక్కే. సినిమా ఆ లెక్క కనిపెట్టలేదు. దానికి సంగీతం కట్టింది.

ఇక్కడ మన విద్యార్థి మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. "ఇప్పుడు మగాళ్ళకీ తెలుపు పిచ్చి పట్టించారు కదా, తేడా ఎక్కడుంది?" అని. నిజమే. 1975లో ఆడవాళ్ళ కోసం 'ఫెయిర్ అండ్ లవ్లీ' వచ్చింది. సరిగ్గా ముప్ఫై ఏళ్ళకి, 2005లో, మగవాళ్ళ కోసం 'ఫెయిర్ అండ్ హాండ్సమ్' వచ్చింది, ఆ వెనక షారూఖ్‌ఖాన్ దాన్ని చేతపట్టుకుని ప్రకటనల్లోకి వచ్చాడు. సమానత్వం ఏ దారిన రావాలో ఆ దారిన రాకుండా ఈ దారిన వచ్చిందన్నమాట! అయినా ఒక్కటి అడుగుతాను. క్రీము రాసుకోని మగవాడికి సంబంధం తప్పిపోయిందా? హీరో వేషం పోయిందా? 2020లో ఆ మొదటి క్రీము పేరులో 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టారు. అట్టపెట్టె మీద మాట మారింది. అంతకుముందే, 2019లో, రెండు కోట్ల రూపాయలిస్తామన్నా అలాంటి ప్రకటనలో నటించనని సాయిపల్లవి చెప్పేసింది. 'ఫిదా' (2017)లో మన తెలంగాణ పిల్లగా వేసి మెప్పించిన మనిషి. పేరు మార్పు కన్నా ఆ కాదనడమే నాకు పెద్ద వార్త.

ఇక చివరి సాకు, అందరికన్నా పెద్ద సాకు: "జనం ఒప్పుకోరండీ." ఈ జనం ఎవరో గాని పాపం, అన్ని నేరాలూ వాళ్ళ నెత్తినే. నేను ఇంటర్ చదివిన కాలేజీలో వార్షికోత్సవ నాటికకి ఎంపిక జరిగింది. సంభాషణ అందరికన్నా బాగా చెప్పిన అమ్మాయికి పనిమనిషి వేషం ఇచ్చారు. హీరో వేషం వేసినవాడు ఆమెకన్నా రెండాకులు ఎక్కువే నలుపు. ఆడిటోరియంలో కూర్చున్న జనం ఎంత, మూడు వందలమంది. వాళ్ళనెవరూ అడిగిన పాపాన పోలేదు.

జనం ఒప్పుకోరన్న మాటకి 'మరోచరిత్ర' ఒక జవాబు. ఇంకో జవాబు మన ఇళ్ళలోనే ఉంది. 2017 నుంచి 2023 దాకా పదిహేను వందలకు పైగా భాగాలు నడిచిన 'కార్తీకదీపం' సీరియల్లో నాయిక దీప నల్లపిల్ల. అత్తకు నలుపంటే గిట్టదు, అక్కడినుంచే ఆమె కష్టాలు. రాత్రిపూట అన్నాలు మాని చూశారు మనవాళ్ళు. వంటలక్క అని ముద్దుపేరు పెట్టుకున్నారు. అంటే జనానికి అభ్యంతరం లేదన్నమాట! అభ్యంతరం ఎవరికో తెలియాలంటే ఇంకో సంగతి చూడాలి. ఆ పాత్ర వేసిన కేరళ నటి ప్రేమీ విశ్వనాథ్ నలుపు కాదు. ఆమెకి రోజూ నల్లరంగు పూసేవారు. హిందీలోనూ ఇదే తంతు. రంగు వివక్ష తప్పని చెప్పే 'బాలా' (2019)లో నల్లపిల్ల వేషానికి భూమి పెడ్నేకర్ ముఖాన రంగు పులిమారు. నల్లపిల్ల కథ కావలసి వచ్చినా నల్లపిల్ల మాత్రం అక్కర్లేదు!

నిజంగా అలాంటి పిల్లలు లేకనా? తెలుగు నటుడు రాజేష్ కూతురు ఐశ్వర్యా రాజేష్ 2020లో ఒక ప్రసంగంలో తన మొదటి రోజుల గురించి చెప్పింది. ఆమె రంగు చూసి హీరోయిన్‌గా పనికిరావన్నారు. హాస్యనటుడి పక్కన వేషమైతే ఇస్తామన్నారు. ఆమె 'కాక్కా ముట్టై'తో తమిళంలో నిలదొక్కుకున్న తర్వాతే, 2019లో 'కౌసల్యా కృష్ణమూర్తి'తో తెలుగుకి వచ్చింది. రాజోలు పిల్ల అంజలికి కూడా మొదట పేరిచ్చింది తమిళమే. మనం మాత్రం ముంబయి నుంచి విమానం టిక్కెట్లు తీస్తాం, తెలుగు రాని పెదవులకి తెలుగు గొంతులు అతికిస్తాం. అక్కడితో ఆగక బ్రిటన్ దాకా వెళ్ళి 'ఎవడు' (2014)కి ఎమీ జాక్సన్‌ని తెచ్చుకున్నాం.

ఈ మధ్య వచ్చిన తెలుగు చిత్రాల్లో రంగు గురించి నిజాయితీగా మాట్లాడింది 'కలర్ ఫోటో' (2020). సందీప్ రాజ్ దర్శకత్వం. మచిలీపట్నంలో ఇంజినీరింగు కాలేజీ, నల్లని అబ్బాయి జయకృష్ణగా సుహాస్, తెల్లని అమ్మాయి దీప్తిగా చాందినీ చౌదరి. తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది, అందుకు పూర్తిగా అర్హమైనది. మా హాస్టల్లో లాప్‌టాప్ చుట్టూ చేరి చూశాం, చూసినంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. అయిపోయాక నేనొక మాట అన్నాను. ఇందులో రంగులు తారుమారు చేద్దాం, అమ్మాయిని జయకృష్ణ అంత నలుపు చేసి, అబ్బాయిని దీప్తి అంత తెలుపు చేద్దాం, మిగతా కథ ఒక్క అక్షరం మార్చొద్దు అని.

కాసేపు ఎవరూ పలకలేదు. తర్వాత గుమ్మం దగ్గర కూర్చున్న మిత్రుడొకడు, "అప్పుడది సినిమా అవదు బాబూ, సీరియల్ అవుతుంది," అన్నాడు. అందరం నవ్వాం. గదిలో మా అందరికన్నా నల్లగా ఉండేవాడు వాడే. వాళ్ళ చెల్లెలికి ఆ నెలలోనే మూడో సంబంధం తప్పిపోయింది.